ఖాళీలన్నీ కరెక్టే, లెటర్ మాత్రం తప్పు: ఒక నర్సు, ప్రెజెంట్ పర్ఫెక్ట్

విదేశాలకి వెళ్ళే నర్సులకి ఓఈటీ (ఆక్యుపేషనల్ ఇంగ్లీష్ టెస్ట్, వైద్యరంగంలో పనిచేసేవాళ్ళు రాసే ఇంగ్లీష్ పరీక్ష) ఇంగ్లీష్ చెప్పడం నా వృత్తి. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌ని, అంటే హ్యావ్, హాజ్‌లతో వచ్చే టెన్స్‌ని, తెలుగువాళ్ళకి ఎలా చెప్పాలి అనే విషయంలో నా పద్ధతి మారింది ఈ ఒక్క కేసు వల్లే, అందుకని తోటి టీచర్లకీ సొంతంగా ప్రిపేరయ్యేవాళ్ళకీ పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను. పేరు, ఊరు, ఆసుపత్రి, పరీక్ష తేదీలు చెప్పను. ఉదాహరణల్లో రోగాలూ మందులూ సంవత్సరాలూ మార్చాను. ఆవిడని ఇక్కడ సిస్టర్ అనే అంటాను, వార్డులో ఎలాగూ అందరూ పిలిచేది అదే.

నేపథ్యం

సిస్టర్‌ది కోస్తాలో ఒక పల్లెటూరు. టెన్త్ దాకా తెలుగు మీడియం, తర్వాత బైపీసీ, బీఎస్సీ నర్సింగ్. నా దగ్గరికి వచ్చేనాటికి హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రి కార్డియాలజీ వార్డులో ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు. యూకేలో నర్సుగా చేరాలంటే అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్, అందరూ ఎన్‌ఎంసీ అనేది, దాంట్లో రిజిస్టర్ కావాలి. వాళ్ళు ఐఈఎల్‌టీఎస్ గానీ ఓఈటీ గానీ అడుగుతారు. ఓఈటీ అయితే లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో బీ గ్రేడు రావాలి, అంటే కనీసం 350. రైటింగ్‌లో మాత్రం సీ ప్లస్ చాలు, అంటే 300. సిస్టర్ అప్పటికే ఒకసారి రాసి ఉన్నారు. మిగతా మూడూ బొటాబొటిగా గట్టెక్కాయి, రైటింగ్‌లో సీ దగ్గర ఆగిపోయారు.

ఓఈటీ రైటింగ్ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఒక పేషెంట్ కేస్ నోట్స్ ఇస్తారు. అయిదు నిమిషాలు చదువుకోవాలి, ఆ అయిదు నిమిషాలూ ఏమీ రాయకూడదు. తర్వాత 40 నిమిషాల్లో, ఆ పేషెంట్‌ని ఇకమీదట చూసుకోబోయే డాక్టరుకో ఇంటికొచ్చే కమ్యూనిటీ నర్సుకో లెటర్ రాయాలి. లెటర్ అసలు భాగం 180 నుంచి 200 పదాలు. మార్కులు వేసేది ఆరు అంశాల మీద, అందులో భాష ఒక్కటి. ఆరింట్లో ఒకటే కదా అని గ్రామర్‌ని తేలిగ్గా తీసుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. కానీ పేషెంట్ గురించి రాసేటప్పుడు టెన్స్ తప్పితే సమాచారమే తప్పిపోతుంది, దాంతో కంటెంట్‌లోనూ మార్కులు పోతాయి. సిస్టర్ విషయంలో జరుగుతున్నది అదే.

సమస్య

ఆవిడ తెచ్చిన పాత ప్రాక్టీసు లెటర్లలో ఇలాంటి వాక్యాలు వరసగా కనిపించాయి. "షి ఈజ్ సఫరింగ్ ఫ్రమ్ డయాబెటిస్ సిన్స్ టెన్ ఇయర్స్." "షి ఈజ్ టేకింగ్ ఆమ్లోడిపిన్ సిన్స్ 2011." "షి హాజ్ అడ్మిటెడ్ ఆన్ ట్వెల్త్ మార్చ్." "యాంజియోగ్రామ్ హాజ్ డన్ ఎస్టర్‌డే." అంటే హాజ్ కావలసిన చోట ఈజ్ ఉంది, హాజ్ అక్కర్లేని చోట హాజ్ ఉంది. పాత కోచింగ్‌లో చేసిన ఖాళీలు పూరించే పేపర్లు కూడా తెచ్చారు. వాటిలో దాదాపు అన్నీ కరెక్టే! హ్యావ్ ప్లస్ వీ3 ఫార్ములా అడిగితే నిద్రలో లేపినా చెప్పేస్తారు, వీ1 వీ2 వీ3 (గో, వెంట్, గాన్ లాంటి క్రియ మూడు రూపాలు) లిస్టు మొత్తం నోటికి వచ్చు.

కాబట్టి రూపం రాదు అనే మాట పక్కన పెట్టేశాను. రూపం వచ్చినవాళ్ళకి మళ్ళీ ఫార్ములా చెప్పి లాభం లేదు. లెటర్ రాసేటప్పుడు ఆవిడ బుర్రలో ఏం నడుస్తోందో తెలియాలి, అందుకని కేస్ నోట్స్ ముందు పెట్టి, ఆలోచించేదంతా పైకి, తెలుగులోనే చెప్తూ రాయమన్నాను. నోట్స్‌లో ఉన్నది ఇంతే: హైపర్‌టెన్షన్, 2011, ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రోజూ. ఆవిడ ఇలా అనుకుంటూ పోయారు: "2011 నుంచి మందు వాడుతోంది. వాడుతోంది అంటే ఈజ్ టేకింగ్. నుంచి అంటే సిన్స్." రాసేశారు. తెలుగులో ఒక్క పిసరు తప్పు లేదు. ఎందుకంటే ఇప్పటికీ నడుస్తున్నదాన్ని మనం ప్రెజెంట్‌లోనే చెప్తాం. మూడు రోజుల నుంచి నొప్పిగా ఉంది, పదేళ్ళ నుంచి షుగర్ ఉంది, అంతే.

తర్వాతి లైను యాంజియోగ్రామ్. "నిన్న చేశారు. నిన్ననే కాబట్టి ఇప్పుడే అయిపోయినట్టు. ఇప్పుడే అయిపోయిన పని అంటే ప్రెజెంట్ పర్ఫెక్ట్. హాజ్ డన్." అదీ సంగతి. స్కూల్లో నేర్చుకున్న "ఇప్పుడే పూర్తయిన పని" అనే ఒక్క రూలు మీద ఆవిడ బండి నడుస్తోంది. ఆ రూలు తప్పని అనను, ప్రెజెంట్ పర్ఫెక్ట్ చేసే పనుల్లో అదీ ఒకటి. కానీ పదేళ్ళ నాటి షుగర్ గురించి రాస్తున్నప్పుడు "ఇప్పుడే అయిపోయిన పని" ఎవరికి గుర్తొస్తుంది? నిన్న జరిగిన యాంజియో దగ్గర మాత్రం పిలవకుండానే వచ్చేస్తుంది. అంటే ఆ రూలు అవసరం ఉన్నచోట నిద్రపోతోంది, అవసరం లేనిచోట లేచి కూర్చుంటోంది.

ఇంకా వెనక్కి వెళ్తే అసలు చిక్కు అర్థమవుతుంది. ఇంగ్లీష్‌లో ఒకే టెన్స్ చేసే పనిని తెలుగు రెండుగా చీల్చి పంచుకుంది. ఇంకా నడుస్తున్న విషయం మన ప్రెజెంట్‌లోకి పోతుంది: వాడుతోంది, ఉంది. అయిపోయి ఫలితం మిగిలిన విషయం మన పాస్ట్‌లోకి పోతుంది: తీసేశారు, వచ్చింది, నాన్న ఊరెళ్ళారు. ఒకే గదికి రెండు వైపులా రెండు గుమ్మాలున్నట్టు అన్నమాట. ఒకవైపు నుంచి వచ్చేవాళ్ళు ఈజ్ పెట్టుకుని వస్తారు, రెండోవైపు నుంచి వచ్చేవాళ్ళు డిడ్ పెట్టుకుని వస్తారు. రెండు గుమ్మాల దగ్గరా ఒకే బోర్డు కడితే ఎవరికీ దారి తెలియదు.

ఏమేం ప్రయత్నించాం

ఇదంతా నాకు మొదటి రోజే ఇంత స్పష్టంగా తట్టలేదు, అందుకని ముందు మామూలు దారులే పట్టాం.

మొదటిది, ఇంకా కష్టమైన ఖాళీలు. ఆవిడే అడిగారు, ప్రాక్టీసు చాలలేదేమో సార్ అని. సరే అన్నాను, ఎందుకంటే ఖాళీల్లో ఎలా నెగ్గుకొస్తున్నారో చూడాలనిపించింది. చూస్తే తెలిసిందేమిటంటే, ఆవిడ వాక్యం చదవడం లేదు, గుర్తులు వెతుకుతున్నారు. సిన్స్, ఫర్, ఆల్రెడీ, జస్ట్, యెట్ కనిపిస్తే హ్యావ్. ఎస్టర్‌డే, లాస్ట్ ఇయర్, ఎగో కనిపిస్తే వీ2. చాలా పుస్తకాల్లో ఖాళీలు ఇలాగే తయారుచేస్తారు కాబట్టి మార్కులు దండిగా పడతాయి. కేస్ నోట్స్‌లో ఆ గుర్తులేవీ ఉండవు. అక్కడ ఉండేది ఒక పేరు, ఒక సంవత్సరం, ఒక డోసు. సిన్స్ రాయాలో ఇన్ రాయాలో కూడా రాసేవాళ్ళే తేల్చుకోవాలి. గుర్తులన్నీ కొట్టేసిన వాక్యాలు ఇస్తే ఆవిడ మార్కులు సగానికి పడిపోయాయి. ఖాళీలు ఆపేశాం.

రెండోది, టైమ్‌లైన్. గీత గీయడం, ఇక్కడ మొదలు, ఇక్కడ ఇప్పుడు, మధ్యలో బాణం. నేను గీస్తే ఆవిడకి చక్కగా అర్థమయ్యేది. ఆవిడే గీయాల్సి వచ్చినప్పుడు, ఎక్కడ బాణం పెట్టాలి అన్నదే అసలు ప్రశ్న కదా, అది తెలిస్తే గీత అక్కర్లేదు, తెలియకపోతే గీత సాయం చేయదు. పైగా 40 నిమిషాల్లో పేజీ మార్జిన్‌లో గీతలు గీసుకుంటూ కూర్చుంటే లెటర్ పూర్తి కాదు. ఒక ప్రాక్టీసు టెస్టులో చివరి పేరా రాయకుండానే టైమ్ అయిపోయింది. టైమ్‌లైన్ బాగా అర్థమైపోయిందన్న తృప్తి టీచర్‌కే ఎక్కువ ఉంటుందని నా అనుమానం.

మూడోది టెంప్లేట్. కోచింగ్ సెంటర్లలో ఎక్కువగా జరిగేది ఇదే, రెడీమేడ్ వాక్యాలు బట్టీ పట్టించి ఖాళీల్లో మందు పేరు మార్చడం. నాకు పెద్దగా నమ్మకం లేదు, కానీ పరీక్ష ఫీజు తక్కువేం కాదు, సిస్టర్‌కి టెన్షన్ ఎక్కువైపోయింది, చేతిలో ఏదో ఒకటి ఉంటే ధైర్యంగా ఉంటుందని కొన్ని మంచి వాక్యాలు ఇచ్చాను. "షి హాజ్ హాడ్ డయాబెటిస్ ఫర్ టెన్ ఇయర్స్." "షి హాజ్ బీన్ టేకింగ్ మెట్‌ఫార్మిన్ సిన్స్ 2015." ఇక్కడో చిన్న ముచ్చట. మర్నాడు ఆవిడ కాగితం చూస్తే హాజ్ పక్కనున్న హాడ్‌ని పెన్సిల్‌తో నీట్‌గా కొట్టేసి ఉంది. ప్రింటింగ్ మిస్టేక్ అనుకున్నారట! హ్యావ్‌కి వీ3 హాడ్ అని వంద సార్లు అప్పజెప్పిన మనిషి, ఆ రెండూ పక్కపక్కన నిలబడితే పోల్చుకోలేదు. ఫార్ములా నోటికి రావడానికీ, వాక్యంలో ఎదురైతే గుర్తుపట్టడానికీ మధ్య ఎంత దూరముందో అప్పుడు చూశాను.

టెంప్లేట్లతో లెటర్లు ఒక్కసారిగా బాగుపడ్డట్టు కనిపించాయి. మార్కులు పెరిగాయి. కొన్ని రోజులు ఇద్దరం సంతోషంగానే ఉన్నాం. తర్వాత ఒక కేస్ నోట్స్‌లో మందుల దగ్గర ఇలా ఉంది: ఆస్పిరిన్ 2018, సీజ్డ్ 2021, గ్యాస్ట్రిక్ బ్లీడ్. అంటే 2018లో మొదలుపెట్టారు, కడుపులో రక్తస్రావమైతే 2021లో ఆపేశారు. సిస్టర్ రాసింది: "షి హాజ్ బీన్ టేకింగ్ ఆస్పిరిన్ సిన్స్ 2018." గ్రామర్‌గా చూస్తే మచ్చలేని వాక్యం. ఎర్ర పెన్ను పెట్టడానికి ఏమీ లేదు.

నేను తప్పు అనలేదు. "సిస్టర్, మీరు ఆ కమ్యూనిటీ నర్సు అనుకోండి, ఈ లెటర్ ఒక్కటే మీ చేతిలో ఉంది, పేషెంట్ ఇంటికెళ్ళారు. ఆస్పిరిన్ గురించి ఏం చేస్తారు?" అని అడిగాను. ఆవిడ వాక్యం మళ్ళీ చదివారు. నోట్స్ చూశారు. "అయ్యో సార్, వాడుతోందనే కదా అర్థం, ఇవాళ్టి డోసు వేసుకుందా అని అడుగుతాను. ఇది మా వార్డులో జరిగితే ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయిస్తారు" అన్నారు. అప్పటిదాకా టెన్స్ ఆవిడకి మార్కుల వ్యవహారం. ఆ క్షణం నుంచి డ్యూటీ వ్యవహారం అయింది. పద్ధతి మార్చాలని నేను నిర్ణయించుకున్నది కూడా అక్కడే: ఈవిడకి గ్రామర్ వైపు నుంచి కాదు, పేషెంట్ వైపు నుంచి చెప్పాలి.

ఏది పనిచేసింది

నర్సులకి డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ ఉంటుంది, తెలిసిందే. నైట్ డ్యూటీ సిస్టర్ మార్నింగ్ సిస్టర్‌కి బెడ్ బెడ్‌కీ చెప్పి వెళ్తుంది. వార్డులో ఎలా చెప్తారో అచ్చం అలాగే, తెలుగులోనే, నాకు ఒక హ్యాండోవర్ ఇవ్వమన్నాను. గడగడా చెప్పేశారు:

"ఫోర్త్ బెడ్. షుగర్, బీపీ పదేళ్ళ నుంచి ఉన్నాయి. నిన్న సాయంత్రం యాంజియో చేశారు. షీత్ తీసేశారు, సైట్ బానే ఉంది. రాత్రి నుంచి ఫ్లూయిడ్స్ వెళ్తున్నాయి. యూరిన్ ఇంకా పాస్ అవ్వలేదు, డాక్టర్ గారికి చెప్పాను. క్రియాటినిన్‌కి పంపించాం, రిపోర్ట్ రాలేదు."

(షీత్ అంటే యాంజియో కోసం రక్తనాళంలో పెట్టే గొట్టం, క్రియాటినిన్ అంటే కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష.) ఈ నాలుగు ముక్కల్లో మనకి కావలసినదంతా ఉంది. రాసుకుని ఒక్కో వాక్యం దగ్గరా ఆగాం. నేను అడిగింది రెండే. ఇంకా నడుస్తోందా? అయిపోయినదైతే, ఎప్పుడో మీరు చెప్పారా లేదా?

షుగర్, బీపీ ఇంకా ఉన్నాయి. ఫ్లూయిడ్స్ ఇంకా వెళ్తున్నాయి. రెండింట్లోనూ "నుంచి" ఉంది. ఇది మొదటి గుమ్మం. యాంజియో అయిపోయింది, నిన్న సాయంత్రం అని టైమ్ చెప్పారు, కాబట్టి అది వీ2, దాంట్లోకి హాజ్ రానే రాదు, ఎంత దగ్గరి నిన్న అయినా సరే. షీత్ తీసేశారు, అయిపోయింది, కానీ ఎప్పుడు తీశారో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు అని అడిగితే "ఎప్పుడు తీశారన్నది ఫైల్లో ఉంటుంది సార్, మార్నింగ్ సిస్టర్‌కి కావాల్సింది ఇప్పుడు షీత్ లేదు అన్నది" అన్నారు. ఇంతకన్నా మంచి నిర్వచనం నేనైతే ఏ గ్రామర్ పుస్తకంలోనూ చూడలేదు. ఇది రెండో గుమ్మం: షీత్ హాజ్ బీన్ రిమూవ్డ్. డాక్టర్‌కి చెప్పాను, శాంపిల్ పంపించాం, రిపోర్ట్ రాలేదు, అన్నీ ఆ కోవలోవే.

రెండు గుమ్మాలనీ ఒకేసారి ముట్టుకోకూడదని అక్కడ నిర్ణయించుకున్నాం. మొదట చాలా రోజులు "నుంచి" అనే మాట ఉన్న వాక్యాలే. ఎందుకు ముందు అవే అంటే, ఆవిడ లెటర్లలో ఎక్కువ తప్పులు అక్కడ ఉన్నాయి, పైగా తెలుగులో గుర్తు పైకి కనిపిస్తూ ఉంటుంది. నోట్స్‌లో 2011 అని మాత్రమే ఉంటే దాన్ని 2011లో అని చదువుతున్నారా, 2011 నుంచి అని చదువుతున్నారా అని తనని తాను అడగాలి. లో అయితే వీ2: "షి వాజ్ డయాగ్నోజ్డ్ విత్ హైపర్‌టెన్షన్ ఇన్ 2011." నుంచి అయితే హ్యావ్: "షి హాజ్ హాడ్ హైపర్‌టెన్షన్ సిన్స్ 2011." రెండూ ఒకే పేషెంట్ గురించి నిజాలే, రెండూ కరెక్టే. ఏది రాయాలో రాసేవాళ్ళ ఇష్టం, కానీ ఒకదాని తల ఇంకోదాని తోక అతికించకూడదు.

నుంచితో ఇంకో తిప్పలుంది, అది సిన్స్‌కీ ఫర్‌కీ రెండింటికీ వస్తుంది. "సిన్స్ టెన్ ఇయర్స్" పుట్టేది అక్కడే. దీనికి ఒకే ఒక్క ప్రశ్న పెట్టుకున్నాం. ఎన్నాళ్ళు అని అడిగితే జవాబొస్తే ఫర్: పదేళ్ళు, మూడు రోజులు, రెండు గంటలు. ఎప్పుడు మొదలైంది అంటే జవాబొస్తే సిన్స్: 2011, సోమవారం, ఆపరేషన్. ఇది ఆవిడకి ఇట్టే పట్టుబడింది.

హాజ్ బీన్ టేకింగ్‌లో ఇంగ్ ఎందుకు, హాజ్ హాడ్‌లో ఎందుకు లేదు అన్నది అసలైన సందేహం. దీన్ని కూడా వార్డులోంచే తెచ్చాం. పేషెంట్ చేసే పని అయితే, మందు వేసుకోవడం, దగ్గడం, వాంతులు చేసుకోవడం, అక్కడ బీన్ ప్లస్ ఇంగ్. పేషెంట్‌కి ఉండే స్థితి అయితే, జబ్బు ఉండటం, నొప్పి ఉండటం, మంచం మీద ఉండటం, అక్కడ హాజ్ హాడ్ లేదా హాజ్ బీన్, ఇంగ్ ఉండదు. దీంతోపాటు స్పీకింగ్‌లో ఆవిడ ఎప్పుడూ అనే "హౌ లాంగ్ ఆర్ యూ హ్యావింగ్ దిస్ పెయిన్?" కూడా "హౌ లాంగ్ హ్యావ్ యూ హాడ్ దిస్ పెయిన్?"గా మారింది. ఇది మాత్రం వివరించకుండా నోటికి పట్టించాను. రోల్‌ప్లేలో పేషెంట్ ఎదురుగా ఉన్నప్పుడు విశ్లేషించుకునే తీరిక ఉండదు, ఒక అడ్మిషన్‌లో ఈ ప్రశ్న ఎలాగూ అడగక తప్పదు.

మధ్యలో వచ్చిన చిక్కు

రెండో గుమ్మం మొదలుపెట్టాక, ఊహించినట్టే, హాజ్ పొంగిపొర్లింది. ప్రతి వాక్యంలోనూ హాజే. వాటిలో ఒకటి మాత్రం మామూలు తప్పు కాదు. "షి హాజ్ అండర్‌గాన్ యాంజియోప్లాస్టీ ఇన్ 2019." ఇన్ 2019 ఉంది కదా సిస్టర్ అంటే ఆవిడ ఊరుకోలేదు. "స్టెంట్ ఇంకా గుండెలోనే ఉంది కదా సార్. ఇప్పటికీ దాని కోసమే మందులు వాడుతోంది. ఇప్పటికి సంబంధం ఉంటే హ్యావ్ అని మీరే అన్నారు." నిజమే, తర్కం ప్రకారం ఆవిడదే రైటు. ప్రెజెంట్ పర్ఫెక్ట్ గురించి "ఇప్పటితో సంబంధం" అని చెప్పి వదిలేసే పుస్తకాలన్నీ ఇక్కడ బోల్తా పడతాయి, ఎందుకంటే పేషెంట్ చరిత్రలో ఇప్పటితో సంబంధం లేనిది ఏదైనా ఉంటే అసలు ఆ లెటర్‌లోనే రాయం.

దీనికి సమాధానం ప్రశ్నల వరసలో ఉంది. నడవడం ఆగిపోయిన విషయానికి ముందు చూడాల్సింది టైమ్. వాక్యంలో అయిపోయిన టైమ్ పేరు పెట్టి చెప్పారంటే ఇంగ్లీష్ ఇంకేదీ వినదు, స్టెంట్ ఉన్నా సరే, ప్రాణం మీదికొచ్చినా సరే, వీ2నే: "షి అండర్‌వెంట్ యాంజియోప్లాస్టీ ఇన్ 2019." ఆ సంవత్సరం మీకు ముఖ్యం కాదనుకుంటే తీసేయండి, అప్పుడు "షి హాజ్ అండర్‌గాన్ యాంజియోప్లాస్టీ" హాయిగా నిలబడుతుంది. సంబంధం ఉందా లేదా అన్నది టైమ్ రాయనప్పుడు మాత్రమే అడగాల్సిన ప్రశ్న. ఈ వరస పెట్టాక పొంగడం చాలావరకు తగ్గింది. నేను ఇప్పటికీ ఏ క్లాసులోనైనా సంబంధం అనే మాట ముందు ఎత్తను, ముందు టైమే.

సిగరెట్ వాక్యం కూడా ఇక్కడే బాగా ఉపయోగపడింది. "హి స్మోక్డ్ ఫర్ ట్వెంటీ ఇయర్స్." "హి హాజ్ స్మోక్డ్ ఫర్ ట్వెంటీ ఇయర్స్." రెండింట్లోనూ ఫర్ ఉంది, కాబట్టి గుర్తులు వెతికే పద్ధతి పనికిరాదు. మొదటిది చదివిన డాక్టర్ మానేశాడు అనుకుంటాడు, రెండోది చదివితే ఇంకా తాగుతున్నాడు అనుకుంటాడు. గుండె వార్డులో పనిచేసే మనిషికి ఈ తేడా ఎంతో ఎవరూ చెప్పక్కర్లేదు. ఫర్ కనిపిస్తే హ్యావ్ పెట్టేయడం అనే అలవాటు ఈ రెండు వాక్యాలతో పోయింది.

పాసివ్ సంగతి కొంత విసిగించింది. "షి హాజ్ అడ్మిటెడ్"లో రెండు తప్పులు కలిసిపోయి ఉంటాయి. తేదీ ఉంటే వాజ్ అడ్మిటెడ్, తేదీ లేకపోతే హాజ్ బీన్ అడ్మిటెడ్. బీన్ మింగేయడం మనవాళ్ళలో చాలామందికి ఉంది. లిజనింగ్‌లో దీనికి ఇంకో ముఖం ఉంది: రికార్డింగ్‌లో "షీజ్ బీన్ కాఫింగ్" అని వస్తే సిస్టర్ "షి ఈజ్ బీయింగ్" అని రాసుకునేవారు. షీజ్ వెనక బీన్ వినిపిస్తే అది హాజ్, ఈజ్ కాదు, అని కొన్ని ఆడియోలు విని చెవికి అలవాటు చేశాం. బీన్ చెవికి పట్టాక రాతలోనూ మింగడం తగ్గింది. దీన్ని నేను అనుకోలేదు.

ఒక పక్కదారి. అమెరికా వాళ్ళ వీడియోలు చూసి ఆవిడ ఒక రోజు కంగారుగా వచ్చారు, వాళ్ళు "డిడ్ యూ ఈట్ యెట్?" అంటున్నారు, మీరేమో "హ్యావ్ యూ ఈటెన్ యెట్?" అంటున్నారు అని. అమెరికన్ మాటల్లో జస్ట్, ఆల్రెడీ, యెట్‌లతో వీ2 మామూలే, బ్రిటన్‌లో ఎక్కువగా హ్యావ్ వాడతారు. వెళ్ళేది యూకే కాబట్టి హ్యావ్ అలవాటు చేసుకోవడం మంచిది. కానీ "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్" అన్నది మాత్రం అటూ ఇటూ ఎటూ చెల్లదు. మన దేశంలో మనలో మనం ఇలా మాట్లాడుకుంటే ఎవరికీ అపార్థం కలగదు, సిగ్గుపడాల్సిందీ లేదు. లెటర్ చదివేది మన వార్డు డాక్టర్ కాదు, అంతే తేడా.

పరీక్ష నాటికి మిగిలిన పద్ధతి

అయిదు నిమిషాల రీడింగ్ టైమ్‌లో రాయనివ్వరు కాబట్టి, నోట్స్ చదువుతూ ప్రతి లైనునీ మనసులో హ్యాండోవర్‌లాగా తెలుగులో చెప్పుకోవాలి: నుంచి ఉంది, ఫలానా రోజు చేశారు, తీసేశారు, ఇంకా రాలేదు. పెన్ను పట్టుకోనిచ్చాక ముందు ఇంకా నడుస్తున్నవాటి పక్కన బాణం, తేదీ చెప్పబోయేవాటికి సున్నా చుట్టాలి. మిగిలినవి మిగిలినట్టే. తర్వాతే రాయడం మొదలు. ఆపేసిన మందులకి బాణం పడదు, ఆస్పిరిన్ కథ మళ్ళీ జరగకుండా ఇదే కాపాడింది.

ఒక్క వాక్యం ఆవిడే తయారుచేసుకుని చివరిదాకా వెంట పెట్టుకున్నారు. "షి హాజ్ నాట్ పాస్డ్ యూరిన్ సిన్స్ ద క్యాథెటర్ వాజ్ రిమూవ్డ్." క్యాథెటర్ తీసినప్పటినుంచి యూరిన్ రాలేదు. తీయడం ఒక సమయంలో అయిపోయింది, వాజ్. రాకపోవడం ఇంకా నడుస్తోంది, హాజ్. సిన్స్ కనిపించింది కదా అని వాక్యం మొత్తానికి హాజ్ పులిమేయకుండా ఉండటానికి ఇంతకంటే మంచి నమూనా నాకు దొరకలేదు, ఇప్పుడు అన్ని బ్యాచ్‌లకీ ఇదే చెప్తున్నాను.

ఫలితం

రెండోసారి పరీక్షలో రైటింగ్ సీ ప్లస్ వచ్చింది. బీ రాలేదు, ఎన్‌ఎంసీకి అది చాలు. మిగతా మూడూ బీలోనే ఉన్నాయి. లెటర్లలో టెన్స్ తప్పులు దాదాపు పోయాయి, ఏ, ద ల తప్పులు అలాగే ఉన్నాయి, వాటి జోలికి సమయం పెట్టకూడదని ముందే అనుకున్నాం. ఎందుకంటే ద లేకపోతే డాక్టర్‌కి చదవడం కాస్త ఇబ్బంది, హాజ్ బీన్ తప్పు చోట ఉంటే పేషెంట్‌కి ఇబ్బంది. మాటల్లో మాత్రం అలసిపోయినప్పుడు "సిన్స్ త్రీ డేస్" ఇప్పటికీ జారుతుందని ఆవిడే మెసేజ్ పెట్టారు. అది పోవడానికి టైమ్ పడుతుంది, రాతలో పోయినంత త్వరగా నోట్లో పోదు.

వేరేవాళ్ళతో వాడితే

ఈ పద్ధతి సిస్టర్‌కి పట్టడానికి పెద్ద కారణం ఆవిడ పని. ఏది ఇంకా నడుస్తోంది, ఏది అయిపోయింది, ఏ టైమ్ చెప్పాలి, ఏది చెప్పక్కర్లేదు అని తేల్చడం రోజూ చేసే మనిషి. నేను చేసిందల్లా ఆ తీర్పుని ఇంగ్లీష్ రూపాలకి కలపడం. తర్వాత వచ్చిన ఇతర నర్సుల దగ్గర, ఫిజియోథెరపీ వాళ్ళ దగ్గర ఇదే బాగా నడిచింది. ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడికి పొద్దున్నే స్టాండప్ మీటింగ్‌లో చెప్పే నాలుగు ముక్కలతో ఇలాగే చేశాం: నిన్న ఫలానాది ఫిక్స్ చేశాను, టెస్టింగ్‌కి పంపించాను, సోమవారం నుంచి దీని మీద ఉన్నాను, యాక్సెస్ ఇంకా రాలేదు. అక్కడా ఆ రెండు ప్రశ్నలే, ఆ వరసే.

డిగ్రీ చదువుతున్న పిల్లలతో మాత్రం కుదరడం లేదు. వాళ్ళకి ఒకరికి అప్పగించి వెళ్ళాల్సిన పని ఏదీ ఉండదు, అందుకని ఇంకొకరికి ఇప్పుడు ఏం తెలియాలి అన్న ప్రశ్న వాళ్ళకి గాల్లో ప్రశ్నలా ఉంటుంది. హాస్టల్ రూమ్మేట్‌కి పెట్టే వాట్సాప్ మెసేజ్‌లతో ప్రయత్నిస్తున్నాను: తాళం కింద ఇచ్చాను, కరెంటు పొద్దున్నుంచి లేదు, వాటర్ క్యాన్ రాలేదు. మొదటి గుమ్మం వరకు బాగానే వస్తున్నారు. రెండో గుమ్మం దగ్గర ఇంకా డిడ్ దాటి రావడం లేదు.